ట్యాంకుకు వాసెన

ఉషారాణి వాసెన కట్టిన జాడీలోకి చీమ దూరదు. ఈ సంగతి మార్కాపురంలో వాళ్ళ బజారంతటికీ తెలుసు. ఏటా ఎండాకాలం ఆవకాయలు కలపడం అయిపోగానే చుట్టుపక్కల ఆడవాళ్ళు జాడీలు చంకన పెట్టుకుని ఆమె దగ్గరికి వస్తారు. ముందు మందపాటి పాలిథిన్ కవరు, దానిమీద ఉతికి ఆరేసిన గుడ్డ, ఆపైన నూలుతాడు బిగించి బిగించి చుట్లు, ఆఖరున ఒక ముడి. ఆ ముడి విప్పాలన్నా మళ్ళీ ఆమే రావాలి. పొదిలిలో పుట్టింటివాళ్ళ దగ్గర నేర్చుకున్న విద్య అది. డిగ్రీలో నేర్చుకున్న ఫిజిక్సు కూడా ఉంది గానీ, పెళ్ళయిన ఇన్నేళ్ళలో దానికోసం ఎవరూ ఏ జాడీ చంకన పెట్టుకుని రాలేదు.

తోడికోడలి చదువును మాత్రం అడిగారు. అక్కడే వచ్చింది చిక్కు.

తోడికోడలు లక్ష్మీప్రియది గిద్దలూరు. మరిది లక్ష్మీకాంత్‌కు పెళ్ళిచూపులు జరిగిన రోజున మామగారు చెన్నకేశవులు, ఏం చదివినావమ్మా అని అడిగితే, ఎక్కడన్నా పేలుడు జరిగితే నేలమీద నిలబెట్టిన ఆయిల్ ట్యాంకులు ఎంతవరకు తట్టుకుంటాయో లెక్కగట్టే చదువు చదివానని చెప్పింది ఆ పిల్ల. పెళ్ళికొడుకు కాఫీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. ఉషారాణే అందరి తరఫునా గొంతు సవరించుకుని, "ఇంతకీ చారు పెట్టడం వచ్చా?" అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వును ఉషారాణి చాలాకాలం భద్రంగా దాచుకుంది. తరవాత దానికి చెదలు పట్టింది.

ఎందుకంటే చెన్నకేశవులు తాతలనాటి పలకల వ్యాపారం కట్టిపెట్టి, బేస్తవారిపేట రోడ్డులో ఒక గుట్టను లీజుకు తీసుకుని కంకర క్రషర్ పెట్టాడు. టిప్పర్లకూ పొక్లెయిన్లకూ డీజిల్ నిలవ చేసుకోవడానికి ట్యాంకు కావాల్సి వచ్చింది. నేలలో పాతుదామంటే కిందంతా బండ. నేలమీద పెడదామంటే పక్కనే మందు కూరి గుట్టను పేలుస్తుంటారు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఎవరో ఆయన ఫోనుకు ఏదో దేశంలో ఆయిల్ డిపో తగలబడుతున్న వీడియో పంపారు. ఆయనకు నిద్రపట్టలేదు. పొద్దున్నే ఇడ్లీ తింటూ చిన్నకోడలి వైపు తిరిగి, "నువ్వేందో ట్యాంకుల చదువు చదివినా అంటివే, అది మనకేమన్నా అక్కరకొస్తాదా తల్లీ?" అని అడిగాడు.

ఆ ఇడ్లీలు వేసింది ఉషారాణి. చట్నీ రుబ్బిందీ ఆమే. చరిత్రలో ఆ పొద్దుటికి సంబంధించి ఇవేవీ నమోదు కాలేదు.

ఆ రోజు నుంచి భోజనాల బల్ల లక్ష్మీప్రియ ఆఫీసు అయిపోయింది. ఆమె అక్కడ ల్యాప్‌టాప్ పెట్టుకుని, రేకు ఎంత మందం ఉండాలి, గుట్టకు ఎంత దూరంలో నిలబెట్టాలి, డీజిల్ కారితే ఆపడానికి చుట్టూ ఎంత ఎత్తు గోడ కట్టాలి అని లెక్కలు వేస్తుంటే ఇంటిల్లిపాదీ నేలమీద కూర్చుని తిన్నారు. చెన్నకేశవులు ఆ లెక్కలన్నీ సుప్రభాతంలా కంఠస్థం చేశాడు. దుకాణానికి ఉప్పు కొనడానికి వెళ్ళినా ఆయన ముందు ట్యాంకు గురించి చెప్పేవాడు. నిండు ట్యాంకును పేలుడు ఏమీ చేయలేదట, ఖాళీదాన్నే నొక్కేస్తుందట. నిండు డబ్బాను పిసికి చూడు, లొంగుతుందా? ఖాళీ డబ్బా అయితే చపాతీ అయిపోదూ? అందుకే బ్లాస్టింగ్ రోజు మన ట్యాంకు నిండుగా ఉండాలని మా ఇంజనీరమ్మ చెప్పింది అనేవాడు. చివరికి ఇన్వర్టర్ ఎక్కడ పెట్టాలో, గ్యాస్ పొయ్యి ఎటు తిప్పాలో కూడా ఇంజనీరమ్మనే అడగడం మొదలుపెట్టాడు. ఆ పొయ్యి దగ్గర రోజంతా నిలబడే మనిషి పక్కనే నిలబడి ఉండేది.

అసూయ అనే మాట ఉషారాణి వాడలేదు. గ్యాస్ అనుకుంది. ఇంజనీరమ్మా అన్న పిలుపు వినపడినప్పుడల్లా గుండెల కింద ఏదో ఎగదన్నేది. లోపలికి వెళ్ళి కాస్త వాము నమిలి వచ్చేది.

ట్యాంకు నిలబెట్టిన రోజు అందరితోపాటు ఆమె కూడా క్వారీకి వెళ్ళింది. రెండు నిలువుల ఎత్తు తెల్లటి ట్యాంకు, చుట్టూ నడుమెత్తు గోడ, పక్కన ఇనుప నిచ్చెన. తప్పు వెతుక్కుంటూ వెళ్ళినవాళ్ళను దేవుడు వట్టి చేతులతో పంపడు. ఉషారాణి చీర కుచ్చిళ్ళు దోపుకుని నిచ్చెనెక్కింది. చిన్నప్పుడు పొదిలిలో చింతచెట్లెక్కిన కాళ్ళవి. పైన మూతకున్న బోల్టులు పొడుగ్గా ఉన్నాయి. నట్లు ఒక్కటీ బిగించలేదు. చెయ్యి పెట్టి ఎత్తితే మూత లేచేలా ఉంది. గుండెల కింద మంట చల్లారినట్టయింది.

"మామయ్యా," అంది పైనుంచే, డ్రైవర్లు కూడా వినేట్టు. "పనోళ్ళు నట్లు బిగించకుండానే పోయినట్టుండారు. లెక్కలన్నీ అయినాయి గానీ పానా తిప్పే నాథుడే లేకపోయినాడు."

లక్ష్మీప్రియ కిందనుంచే జవాబు చెప్పింది. "అవి బిగించకూడదక్కా. ఎప్పుడన్నా మంటలకు లోపల ఒత్తిడి పెరిగితే ఆ మూత లేచి పైకి వదిలేస్తాది. బిగించినామంటే గోడలు చీలి పక్కలకు కొడతాది. పైకి పోయేది పోనిస్తే పక్కనున్నోళ్ళు బతుకుతారు."

ఆ మాట చెన్నకేశవులుకు ఎంత నచ్చిందంటే నెలరోజులపాటు పాలవాడికి కూడా చెప్పాడు. పెద్దకోడలు నట్లు బిగించలేదని అడగడం, చిన్నకోడలు బిగించకపోవడంలోనే లెక్క ఉందని చెప్పడం. ఆ కథలో ఉషారాణిది తెలియక అడిగేవాళ్ళ వేషం. కథ చెప్పిన ప్రతిసారీ ఆమె ఇంకాస్త అమాయకురాలయ్యేది.

ఒక్కటే ఊరట. లక్ష్మీప్రియకు ఎత్తంటే భయం. నిచ్చెన రెండో మెట్టు మీద కాలు పెడితే కళ్ళు తిరుగుతాయి. తన ట్యాంకు తల ఎలా ఉంటుందో ఆమె కాగితం మీద తప్ప చూడలేదు. ఈ సంగతి ఉషారాణికి వాము కన్నా బాగా పనిచేసేది.

*

దసరా వచ్చింది. ఆయుధపూజ రోజున పనిముట్లకు కొత్త రవికగుడ్డలు కట్టడం ఆ ఇంటి ఆచారం. పలకలు కోసే రంపాలున్న కాలంలో అత్తగారు కట్టేది. ఆమె పోయాక ఆ పని పెద్దకోడలిది. ఆ ఇంట్లో ఎవరూ అడక్కుండా, ఎవరినీ అడక్కుండా ఉషారాణికి దక్కిన గౌరవం అదొక్కటే. పళ్ళెంలో పసుపు, కుంకుమ, గుడ్డలు పెట్టుకుని ఆమె ముందు నడుస్తుంటే వెనక మగవాళ్ళంతా చేతులు కట్టుకుని రావాలి.

ఆ రోజు కూడా అలాగే వచ్చారు. కంప్రెసర్‌కు కట్టింది, క్రషర్‌కు కట్టింది, పొక్లెయిన్ కొమ్ముకు కట్టింది. ట్యాంకు దగ్గరికి రాగానే చెన్నకేశవులు ఆమె చేతిలోంచి పళ్ళెం తీసుకున్నాడు.

"దీనికి ప్రియమ్మను కట్టనీలే," అన్నాడు, "దాన్ని కన్నది ఆమే గదా."

ఉషారాణి భర్త రమేష్ వైపు చూసింది. రమేష్ టెంకాయకు పీచు తీస్తూ అందులో లీనమైపోయి ఉన్నాడు. లక్ష్మీప్రియ, అక్కే కట్టనీ మామయ్యా అంది. అది ఇంకా మండింది. ఇవ్వడానికి చేతిలో ఉన్నవాళ్ళే కదా ఇస్తామనగలిగేది.

చిన్నకోడలు ట్యాంకు పొట్టకు పసుపు రాసి, బొట్టు పెట్టి, కింది గొట్టానికి రవికగుడ్డ కట్టింది. చెన్నకేశవులు కళ్ళు తుడుచుకున్నాడు. ఉషారాణి ఆ గుడ్డ ఎంత ఎత్తులో ఉందో చూసింది. మోకాలెత్తు. తలెత్తి ట్యాంకు కొసకు చూసింది. అక్కడ మూత పక్కన గాలిగొట్టం ఒకటి మెడ వంచుకుని నిలబడి ఉంది. గుళ్ళో పెద్దమనుషులకు పరివట్టం కట్టేది తలకే కానీ మోకాలికి కాదు.

సంచిలో తన కోసం తెచ్చుకున్న ఎర్ర పట్టు రవికగుడ్డ ఉంది. తీసి నడుముకు చుట్టుకుని నిచ్చెనెక్కింది. నల్లమల వైపు మబ్బు పట్టి ఉంది. వానొస్తే ఆ గొట్టంలోకి నీళ్ళు పోవూ? డీజిల్ చెడదూ? ఇంత చదివినవాళ్ళకు ఇది తోచలేదే అనుకుంది. నిజానికి గొట్టం మూతి కిందికి వంగి ఉంది. అందులోకి నీళ్ళు పడాలంటే వాన నేలనుంచి ఆకాశానికి కురవాలి. ఆ సంగతి ఆమెకు ఆ క్షణాన తట్టలేదు. ప్రసాదం మూట కట్టి తెచ్చిన బియ్యం బస్తా లోపలి కవరు పైకి అందించమంది. రెండు మడతలు వేసి గొట్టం మూతికి తొడిగింది. దానిమీద పట్టుగుడ్డ. ఆపైన పూలమాలల కోసం తెచ్చిన దారపు ఉండ అయిపోయేదాకా చుట్లు. ఆఖరున తన ముడి.

"అబ్బా, పెద్దకోడలు ట్యాంకుకు తలపాగా చుట్టిందిరా," అన్నాడు చెన్నకేశవులు కిందనుంచి. డ్రైవర్లు చప్పట్లు కొట్టారు. లక్ష్మీప్రియ మెడ వెనక్కి వంచి, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. కిందనుంచి ఆమెకు కనపడింది గాలికి ఊగే ఎర్రటి గుడ్డ అంచు మాత్రమే.

"బాగుందక్కా," అంది.

ఆ పూట ఉషారాణికి వాము అవసరం రాలేదు.

*

పండగ వెళ్ళిన మర్నాడు క్వారీలో పని మొదలైంది. పూజకు ముందే ట్యాంకరు వచ్చి డీజిల్ నిండుగా పోసి వెళ్ళింది. ఆ రోజు బ్లాస్టింగ్. మగవాళ్ళు పొద్దున్నే వెళ్ళిపోయారు. లక్ష్మీప్రియ పాఠాలు చెప్పే ఇంజనీరింగ్ కాలేజీకి ఇంకా సెలవులు, ఇంట్లోనే ఉంది. ఉషారాణి పప్పుకు తిరగమోత వేసి గరిట పట్టుకుని వచ్చేసరికి, లక్ష్మీప్రియ కూతురు ఉమ స్ట్రాతో మామిడి జ్యూస్ తాగుతోంది.

ఆ పిల్లకు జ్యూస్ తాగడం కన్నా అట్టపెట్టెతో ఆట ఎక్కువ. గట్టిగా పీల్చేది. పెట్టె బుగ్గలు రెండూ లోపలికి పోయేవి. నోరు తీసేది. పెట్టె గుర్రుమని గాలి పీల్చుకుని మళ్ళీ నిండుగా అయ్యేది. మళ్ళీ పీల్చేది, స్ట్రా మూతిని వేలితో మూసి పట్టుకునేది. పెట్టె అలా బుగ్గలు ఈడ్చుకుపోయి, ఊపిరాడని మనిషిలా ఉండిపోయేది.

ఉషారాణి గరిట పట్టుకుని అలాగే నిలబడింది. ఎన్నేళ్ళనుంచో మూలన ముడుచుకుని పడుకున్న ఆమె ఫిజిక్సు లేచి కూర్చుని ఒళ్ళు విరుచుకుంది. పంపు వేస్తే ట్యాంకులోంచి డీజిల్ బయటికి పోతుంది. పోయినంత మేరా లోపలికి గాలి రావాలి. గాలి రావలసింది ఆ గొట్టంలోంచే. ఆ నట్లు వదులుగా ఉన్న మూత పైకి లేస్తుందే తప్ప, లోపలినుంచి లాగితే ఇంకా గట్టిగా కూర్చుంటుంది. గొట్టానికేమో వాసెన ఉంది. ఇంకెవరైనా కట్టిన వాసెన అయితే కాస్త ఆశ ఉండేది. ఇది తాను కట్టింది.

రమేష్‌కు ఫోన్ చేసింది. ఆపేసి ఉంది. లక్ష్మీకాంత్‌ది ఆపేసి ఉంది. మామగారిదీ అంతే. బ్లాస్టింగ్ మందు కూరేటప్పుడు ఫోన్లన్నీ ఆపి ఆఫీసు గదిలో బకెట్లో పడేస్తారు.

అప్పుడు ఆమెకొక ఆలోచన వచ్చింది. రాలేదని చెప్తే అబద్ధం. వచ్చింది, కుర్చీ లాక్కుని కూర్చుంది, మంచినీళ్ళు కూడా అడిగింది. ఊరుకుంటే ట్యాంకు నలుగుతుంది. నలిగితే అందరూ అనేది ఇంజనీరమ్మ లెక్క తప్పిందనే. ఇంజనీరమ్మ అనే మాట ఇక ఆ ఇంట్లో వినపడదు. భోజనాల బల్ల మళ్ళీ భోజనాలకే మిగులుతుంది.

కానీ పంపు దగ్గర గొట్టం పట్టుకుని నిలబడేది రమేష్. ట్యాంకు చీలితే ముందు తడిసేది ఆయనే.

"ప్రియా, స్కూటీ తియ్యి," అంది. "క్వారీకి పోవాలి. నా ముక్కుపుడక ఆ నిచ్చెన దగ్గర పడిపోయింది."

లక్ష్మీప్రియ ఆమె ముక్కు వైపు చూసింది. ముక్కుపుడక తళతళ మెరుస్తూ అక్కడే ఉంది. ఆమె ఉమను పక్కింటి రోశమ్మకు అప్పజెప్పి తాళంచెవి తీసుకుంది.

స్కూటీ ఊరు దాటింది.

"ముక్కుపుడక ముక్కుకే ఉందక్కా," అంది లక్ష్మీప్రియ అప్పుడు.

"ఉంది."

"మరేంది?"

"నీ ట్యాంకు గాలిగొట్టానికి వాసెన కట్టినా."

"ఉత్త గుడ్డేనా?"

"కింద కవరు గూడా. బియ్యం బస్తాది. రెండు మడతలు."

లక్ష్మీప్రియ స్కూటీ ఏనాడూ నలభై దాటి ఎరగదు. అది ఇప్పుడు కంకర టిప్పర్‌ను దాటింది. ఉషారాణి కళ్ళు మూసుకుని తోడికోడలి నడుం పట్టుకుంది. ఆ పిల్ల కోడలై వచ్చాక ఆ నడుం పట్టుకోవడం అదే మొదటిసారి.

"ఎందుకు కట్టినావక్కా?"

"వానొస్తాదని." కొంచెం దూరం పోయాక గాలిలో అరిచి చెప్పాల్సి వచ్చింది. "అబద్ధం. నువ్వు కట్టినదాని కన్నా పైన కట్టాలని."

లక్ష్మీప్రియ రోడ్డు మీద ఒక గుంత తప్పించింది. "నేనంటే నీకు పడదని నాకు తెలుసులే," అంది. "మధ్యలో ట్యాంకు ఏం చేసింది నిన్ను?"

ఉషారాణి ఆ నడుం ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

క్వారీ గేటు దగ్గర ఎర్రజెండా. కాపలాదారు కర్ర అడ్డం పెట్టాడు. మందు కూరడం అయిపోయింది, సైరన్ మోగింది, ఇక ఎవరినీ లోపలికి వదిలేది లేదన్నాడు. గేటు దగ్గరనుంచి ట్యాంకు కనపడుతోంది. గుట్ట దగ్గరి బండ్లన్నీ దూరంగా తెచ్చి ట్యాంకు పక్కన వరసగా నిలబెట్టారు. ఊరికే నిలబడేదెందుకని కాబోలు ఒక్కొక్కదానికీ డీజిల్ పట్టిస్తున్నాడు రమేష్. పైన ఎర్ర పట్టుగుడ్డ మాత్రం ఊగడం మానేసింది. గొట్టంలోకి ముడుచుకుపోయింది.

లక్ష్మీప్రియ పెదాలు కదులుతున్నాయి. బయటిదెబ్బ ఒక్కటే అయితే ఆగుతాది, లోపలి లాగుడు ఒక్కటే అయితే నలుగుతాది, రెండూ ఒకేసారి వస్తే నేను లెక్కేయలేదక్కా, అంది మెల్లగా. అప్పుడు గుట్ట పేలింది. కాళ్ళ కింద నేల అదిరింది. దుమ్ము లేచింది. ఆ దుమ్ములోంచి, కొంచెం ఆలస్యంగా, మరో చప్పుడు వినపడింది. ఎవరో పెద్ద ఖాళీ నూనెడబ్బాను కాలితో తొక్కినట్టు.

ఆల్ క్లియర్ సైరన్ మోగిందో లేదో ఇద్దరూ పరుగెత్తారు. చప్పుడు వినగానే రమేష్ పంపు కట్టేసి దూరం జరిగి ఉన్నాడు. ట్యాంకు చీలలేదు, చుక్క కారలేదు. లక్ష్మీప్రియ రెండో మెట్టు మీదే ఆగిపోయింది. ఉషారాణి ఎక్కింది. తన ముడి తన వేళ్ళకే లొంగలేదు. పళ్ళతో కొరికింది. దారాలు తెంపి, గొట్టం మూతిలోకి అతుక్కుపోయిన కవరును పీకేసరికి ట్యాంకు పెద్దగా ఊపిరి పీల్చుకుంది. ఎన్నాళ్ళనుంచో ఊపిరి బిగబట్టినదానిలా చాలాసేపు పీల్చింది. ఉషారాణి కవరూ గుడ్డా నడుములో దోపుకుని, కొంగు కప్పుకుని దిగింది.

అవతలి పక్క తలుపంత సొట్ట పడి ఉంది.

చెన్నకేశవులు దుమ్ము దులుపుకుంటూ వచ్చాడు. సొట్ట ముందు నిలబడి దాన్ని అరచేత్తో తడిమాడు. లక్ష్మీప్రియ నోరు తెరిచింది.

"చూసినారంట్రా," అన్నాడు ఆయన డ్రైవర్లతో. "ఎంత దెబ్బ కొట్టిందో చూసినారా ఆ బ్లాస్టు. ఇంకోరి ట్యాంకైతే చీలిపోయి డీజిలంతా ఏరై పారేది. మా ఇంజనీరమ్మ లెక్క గాబట్టి సొట్టతో పోయింది." అని చిన్నకోడలికి చేతులు జోడించాడు.

లక్ష్మీప్రియ ఉషారాణి వైపు చూసింది. కొంగు కిందనుంచి ఎర్రటి పట్టు అంచు కాస్త బయటికి కనపడుతోంది. తెరిచిన నోరు మూసుకుంది. ఇంటికి వెళ్ళాక మాత్రం ఒక్కమాట అంది. చెప్పాల్సింది నువ్వక్కా, నేను చెప్పను అని.

ఆ మంచితనం కూడా దానికే పోయింది అనుకుంది ఉషారాణి. వాము డబ్బా ఆ వారమే ఖాళీ అయింది.

*

లక్ష్మీప్రియ ఊరికే కూర్చోలేదు. ట్యాంకు ఖాళీ చేయించి, రేకూ అతుకులూ పరీక్ష చేయించింది. సొట్ట ఉన్నా భయం లేదన్న తరవాతే మళ్ళీ నింపనిచ్చింది. పైన గాలిగొట్టం కాక ఇంకో చిన్న మూత పెట్టించింది. లోపలినుంచి లాగుడు ఎక్కువైతే తనంతట తానే లోపలికి తెరుచుకునే మూత. చెన్నకేశవులు దాన్ని కూడా కథలో కలుపుకున్నాడు.

ఇక ఆ సొట్టకు వచ్చిన పేరు అంతా ఇంతా కాదు. కంభం నుంచి వచ్చారు, గిద్దలూరు నుంచి వచ్చారు. చెన్నకేశవులు ప్రతి ఒక్కరినీ సొట్ట దగ్గరికి తీసుకుపోయి, చెయ్యి పెట్టి చూడమనేవాడు. చందనం రాయడం ఒక్కటే తక్కువ. ఉషారాణి వచ్చినవాళ్ళందరికీ కాఫీలు కలిపేది. తన చేతిమీదుగా పడిన సొట్ట, ఇంట్లో పుట్టిన బిడ్డ పక్కింటివాళ్ళ ఇంటిపేరుతో బడికి పోతున్నట్టు, కళ్ళముందే తోడికోడలి పేరుమీద ఊరేగుతుంటే చూస్తూ ఊరుకోవాల్సి వచ్చింది. రెండు మూడుసార్లు నోటిదాకా వచ్చింది. చెప్తే తిడతారు. చెప్పకపోతే తోడికోడలిని పొగుడుతారు. తిట్లకైతే భయపడి ఆగింది. పొగడ్తలకు ఎన్నాళ్ళు ఆగగలదో ఆమెకే తెలియలేదు.

అప్పుడు పొదిలి నుంచి సొంత అన్న మహేంద్ర వచ్చాడు. చంద్రశేఖరపురం దగ్గర ఎవరితోనో కలిసి క్రషర్ పెడుతున్నాడట, ట్యాంకు కావాలట. చెల్లెలిని చూడటానికి పండగలకే తీరిక దొరకని మనిషి, ట్యాంకును చూడటానికి సెలవు పెట్టుకుని వచ్చాడు. ఉషారాణి క్యారియర్లలో భోజనాలు సర్దుకుని వాళ్ళతోపాటు క్వారీకి వెళ్ళింది. మహేంద్ర సొట్టను ప్రేమగా నిమిరాడు. లక్ష్మీప్రియతో మర్యాదగా, లెక్కలు ఎప్పుడు వేసిస్తావమ్మా అని మాట్లాడాడు. తరవాత చెల్లెలి వైపు తిరిగాడు.

"ఇట్లాంటి తోడికోడలు దొరకడం నీ అదృష్టం ఉషా," అన్నాడు. "రోజంతా వంటింట్లో ఏం జేస్తావ్? ఆమె దగ్గర ఏమన్నా నేర్చుకోరాదా?"

ఉషారాణి క్యారియర్ కింద పెట్టింది.

"ఆ సొట్ట నాది," అంది.

ఎవరికీ అర్థం కాలేదు. ఆమె అర్థమయ్యేట్టు చెప్పింది. కవరు సంగతి, గుడ్డ సంగతి, ముడి సంగతి. పోయినంత డీజిల్‌కు బదులు గాలి రాకపోతే బయటి గాలి బరువంతా రేకు మీద ఎలా పడుతుందో, ఉమ జ్యూస్ పెట్టె బుగ్గలు ఎందుకు ఈడ్చుకుపోయాయో, ట్యాంకు బుగ్గ ఎందుకు పోయిందో. మాట్లాడుతున్నకొద్దీ తనకు ఇదంతా ఇంత బాగా తెలుసా అని ఆమెకే ఆశ్చర్యం వేసింది. చివర్లో, "బ్లాస్టు గాదు, ఏం గాదు. వాసెన," అని ముగించింది.

చెన్నకేశవులు గోడమీద కూర్చుండిపోయాడు. ముందు మొహం ఎర్రబడింది. ట్యాంకు చీలుంటే ఏమయ్యేది, మొగుడు పక్కనే నిలబడుండె గదా, బుద్ధుందా లేదా అని గట్టిగానే తిట్టాడు. ఉషారాణి తల వంచుకుని అంతా విన్నది. అవి తనకు దక్కాల్సినవే. తిట్లు అయిపోయాక, సాధారణంగా నోరు విప్పని రమేష్ తండ్రితో అన్నాడు.

"ముడి మాత్రం బాగా వేసింది నాయనా."

ముందు ఒక డ్రైవర్ నవ్వాడు. తరవాత మహేంద్ర నవ్వాడు. చెన్నకేశవులు ఆపుకోవాలని చూసి, ఆపుకోలేక, కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"అంటే బ్లాస్టు దాన్ని ముట్టనన్నా ముట్టలేదు మామయ్యా," అంది లక్ష్మీప్రియ అప్పుడు. "అది చూడండి. లోపల గాలి తగ్గి పట్టు పోయినా గూడా నిలబడింది."

నిజమే. అంత కష్టపడి సొట్ట లాక్కుంటే, తోడికోడలి చేతికే ఇంకో పూలదండ ఇచ్చినట్టయిందని ఉషారాణికి అప్పుడు వెలిగింది. కానీ భయపడాల్సిన పని లేకపోయింది. లక్ష్మీప్రియ మాట ఎవరూ వినలేదు. అందరూ తలలెత్తి గాలిగొట్టం వైపు చూస్తున్నారు.

ఆ రోజునుంచి చెన్నకేశవులు కథ మారింది. బాంబులు చేయలేని పని మా పెద్దకోడలు బియ్యం కవరుతో చేసింది అనేది కొత్త కథ. వచ్చే దసరాకు ఆమెను నిచ్చెన ఎక్కనిచ్చేది లేదని తీర్మానం చేశాడు గానీ, పళ్ళెం మాత్రం మళ్ళీ ఆమె చేతికే ఇస్తానన్నాడు. రేకు మందం అడిగేవాళ్ళు తగ్గిపోయారు. వాసెన కట్టినామె ఎవరని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు.

సంక్రాంతి సెలవులు అయ్యాక లక్ష్మీప్రియ తన విద్యార్థులను బస్సులో క్వారీకి తీసుకువచ్చింది. పటాలు గీసుకుని, లెక్కలు రాసుకుని, వారం రోజులు తయారైంది. ఉషారాణి మజ్జిగ గ్లాసులు పట్టుకుని వెళ్ళింది. పిల్లలు రేకు దగ్గర కాసేపు తలాడించారు, గోడ దగ్గర కాసేపు తలాడించారు. తరవాత ఒక అమ్మాయి చెయ్యెత్తింది. మేడం, ఆ వాసెన కట్టినామె ఈమేనా, ఒకసారి కట్టి చూపిస్తారా అని అడిగింది. వెంటనే అందరూ ఉషారాణి చుట్టూ మూగారు. ఆమె మజ్జిగ కుండకే వాసెన కట్టి చూపించింది. విప్పలేక ముగ్గురు ఓడిపోయారు. ఫోన్లలో వీడియోలు తీసుకున్నారు.

ఉషారాణి మధ్యలో తలెత్తి చూసింది. లక్ష్మీప్రియ గోడ దగ్గర ఒంటరిగా, పటాలు చుట్ట చుట్టుకుని నిలబడి ఉంది. నవ్వుతోంది గానీ ఆ నవ్వు ఒక పక్కకే పోయింది. పెదవి కింద చిన్నగా బిగుసుకుంది. చెయ్యి గుండెల కిందికి వెళ్ళింది. ఆ మొహం ఉషారాణికి బాగా తెలుసు. ఎన్నేళ్ళు అద్దంలో చూసింది.

సాయంత్రం ఇంటికి వచ్చాక ఆమె కొత్తగా నింపిన వాము డబ్బా తీసి, అడక్కుండానే తోడికోడలి అరచేతిలో కాస్త పోసింది.

"గ్యాసులే," అంది. "నాకూ వచ్చేది."